నార్మండీ ప్రభువు తిరుగుప్రయాణం

1974 ఆగస్టు 11, ఆదివారం, ఉదయం ఎనిమిది గంటలు; సన్నగా ముసురు పట్టింది. చరిత్ర అధ్యాపకులు వీరభద్రయ్యగారు గుణదలలో, తమ పూర్వ విద్యార్థిని మార్త ఇంటి గుమ్మంలో తడిసిన గొడుగుతో నిలబడి ఉన్నారు. అట్టవేసిన నోట్సు ఛాతీకి ఆనించుకొని, వాక్యాన్ని రెండేసి సార్లు పలుకుతూ పంతొమ్మిదేళ్లుగా పాఠం వ్రాయించిన మనిషి ఆయన. మధ్యయుగంలో ఫ్రాన్సులోని నార్మండీని ఏలిన డ్యూకు రాబర్టు, అన్నకు విషం పెట్టించాడన్న నింద మోస్తూ ఎనిమిదేళ్లు పాలించి, పాపపరిహారార్థం జెరూసలేముకు బయలుదేరి, ఆ నగరాన్ని చూడకుండానే దారిలో మరణించాడని ఆ నోట్సులో ఉంది. చూసి తిరిగి వస్తూ మరణించాడని మార్త పరీక్షలో వ్రాసింది. ఆయన మార్కులు కొట్టివేశారు. పబ్లిక్ పరీక్షకు ఎవరిని పంపాలో తేల్చే ఆ సెలెక్షన్ పరీక్ష రెండు మార్కుల తేడాతో తప్పి ఆమె కాలేజీ మానేసింది. ఇక్కడికి వచ్చే ముందురోజు లైబ్రరీలో ఒక పెద్ద గ్రంథం తిరగవేసినప్పుడు ఆమె వ్రాసినదే నిజమని ఆయనకు తెలిసింది.

“ఆ డ్యూకు విషయంలో తప్పు నాదమ్మా. మళ్లీ చేరు. ప్రిన్సిపాలుగారితో నేను మాట్లాడతాను.”

“పాపం, ఆ డ్యూకు యేసయ్య సమాధి చూసే పోయాడని అప్పుడే మొత్తుకున్నా గదండీ మాస్టారూ!” మార్త నవ్వింది. “నర్సు ట్రైనింగులో చేరిపోయానండి, ఇంక రాను. కానీ నేను రాసిందే కరెక్టని క్లాసులో నా పేరు పెట్టి చెప్పండి. మొద్దని నవ్వినోళ్లంతా వినాలి.”

“అలాగేనమ్మా,” అన్నారాయన, ఆమె ముఖం వైపు చూడకుండా.

మరునాడు తరగతిలో ఆ వాక్యం దిద్ది వ్రాయించి, “ఇది ఇటీవలి పరిశోధనలో తేలిన విషయం” అన్నారు. మార్త 1977లో ట్రైనింగు ముగించి గుంటూరు వెళ్లిపోయింది. వీరభద్రయ్యగారు మరుసటి సంవత్సరం పదవీ విరమణ చేశారు. ఆమె పేరు ఏ తరగతిలోనూ చెప్పలేదు.