మునెమ్మ చెప్పలేదు

వేసవి సెలవులంటే స్వర్గమని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. మా వాళ్ల ప్రతి పెళ్లిలోనూ ఎవరో ఒకరు ఆ పాట ఎత్తుకుంటారు. మామిడికాయలట, బావిలో ఈతలట, తిన్నె మీద ఆటలట. నేను లేచి అవతలికి పోతాను. నలభై ఏళ్లుగా ఒక అబద్ధాన్ని కడుపులో పెట్టుకుని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను.

అప్పుడు నాకు పన్నెండేళ్లు. నాన్న ఉద్యోగం తిరువళ్లూరులో. బడి మూయగానే నన్ను పొదటూరుపేట దగ్గరి పల్లెలో, పెద్దమ్మ ఇంట్లో దించేవాడు. పెద్దమ్మ కూతురు సుగుణక్క ఆ ఏడు పదో తరగతి పరీక్షలు రాసింది. బస్సులో తిరుత్తణికి వెళ్లి పైచదువు చదవాలని ఆమె ఆశ. పెద్దనాయన కూడా సరేనన్నాడు.

ఆ ఇంట్లో సెలవులు మగపిల్లలకే. వాళ్లు పొద్దస్తమానం బావిలో దూకితే ఒంటికి మంచిది, ఆడపిల్ల గడప దాటితే పరువు తక్కువ. మాకు చింతపండు గింజలు తీసే పని, అదయ్యాక ఆ గింజలతోనే గుంటల పీట మీద పల్లాంకుళి, అదే వామనగుంటల ఆట. తలుచుకుంటే ఇప్పటికీ పళ్లు నూరుతాను. కానీ ఆ కోపం చాటున దాక్కునే హక్కు నాకెక్కడిది? వాళ్ల చేతికి కర్ర అందించింది నేనే కదా.

ఆ ఏడు, మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళకు అక్క మాయమయ్యేది. ఒకరోజు వెనకాలే వెళ్లాను. పొలం బావిలో, నడుముకు ఎండు బెండు కట్టుకుని ఈదుతోంది. మా పొలానికి కూలికొచ్చే మునెమ్మ గట్టున కాపలా కూర్చుంది. ఈత నేర్పిందీ ఆమే. అక్క నన్ను చూసి పగలబడి నవ్వింది. "నీకొద్దులేమ్మే, జడుసుకుంటావు. ఇంటికి పోయి చుమ్మా ఉండు" అంది.

ఊరికే ఉండటం, అదొక్కటే నా చేత కాలేదు. పల్లాంకుళి ముందు కూర్చున్నాను. ఇద్దరాడే ఆట ఒక్కదాన్నే ఎలా ఆడను? అక్క నన్ను వదిలేసిందన్న ఉక్రోషమా? ఆమె ముఖంలో చూసిన సంతోషం నాకెప్పుడూ దొరకలేదన్న కుళ్లా? చిన్నపిల్లకు ఏం తెలుసులే అనకండి. నాకు తెలుసు. ఏం జరుగుతుందో తెలిసే, తిన్నె మీద పడుకున్న పెద్దనాయనను తట్టి లేపి చెప్పాను. మునెమ్మ పేరు మాత్రం ఎత్తలేదు.

ఆయన అక్కను కొట్టలేదు. కొట్టినా బాగుండేది. "బాయిలో దూకే బిడ్డ బస్సెక్కితే యాడికి పోతాదో!" అన్నాడు. చదువు అంతటితో సరి. తర్వాత అక్క పాసైందని తెలిసినా ఇంట్లో ఎవరూ ఆ మాటే తలవలేదు.

నేను తిరువళ్లూరుకు బయలుదేరే రోజు అక్క నాకు జడ అల్లుతూ అడిగింది.

"నాయనకు చెప్పింది నువ్వు గాదు కదా?"

"నేను గాదక్కా."

"మరెవురు? ఆడ ఇంకెవురూ లేరే."

"మునెమ్మేమో."

అక్క జడ పూర్తిచేసి రిబ్బను గట్టిగా బిగించి ముడేసింది. మరుసటి ఏడు వెళ్లేసరికి మునెమ్మ మా పొలంలో లేదు. అక్కే పట్టుబట్టి మాన్పించిందట.

మొన్న అక్క తన మనవరాలి నడుముకు బెండు కడుతూ నాతో అంది: "ఆ మునెమ్మను నమ్మి చెడినాను. నువ్వు గాబట్టి చెప్తా ఉండా." నేను తలూపాను. ఈ వయసులో, అన్నీ తెలిసి, మళ్లీ తలూపాను! ఛీ, ఏం మనిషిని నేను?

మునెమ్మ ఇంకా ఆ ఊళ్లోనే ఉంది. ఎదురుపడితే అక్క ముఖం తిప్పుకుంటుంది. ఎందుకో ఆ ముసలిదానికి ఈనాటికీ తెలియదు. నన్ను క్షమించమని ఎవరినీ అడగను, అడిగే ముఖం లేదు. రాస్తుంటే ఇన్నేళ్లు మోసిన బరువు కాస్త దిగింది. అలా దిగడం మీద కూడా నాకు కోపమే.

మునెమ్మ చెప్పలేదక్కా. నేనే చెప్పాను.