తలకు కరెంటు

ఎనిమిది నెలలుగా తీరని నీరసానికి, మెదడుకు సన్నగా కరెంటు పంపే పట్టీ ఒకటి వాడి చూడమని మిర్యాలగూడ డాక్టరు ఇచ్చారు. ఈ మధ్యాహ్నం మొదటిసారి దాన్ని నుదుటికి కట్టుకుని పడుకున్నాను. ఇంట్లోకి ఎవరి చెప్పులూ రానివ్వని మా అత్తమ్మ, రబ్బరు చెప్పులేసుకుని గది గుమ్మం దాకా వచ్చి ఆగింది.

"కరెంటు వస్తున్నదా బిడ్డా?"

"వస్తున్నది అత్తమ్మా."

ఆమె వెనక్కి తిరిగి మా ఆయనతో అంది: "జర దూరముండు, షాక్ కొడ్తది. చాయ్ నువ్వే పెట్టుకో."

గంటసేపు నన్నెవరూ పిలవలేదు. హాయిగా నిద్రపోయాను. లేచేసరికి ఒళ్లు తేలిగ్గా ఉంది. పట్టీ విప్పి చూస్తే, నేను స్విచ్చే వేయలేదు.

రోజుకు రెండు పూటలా కట్టుకోవాలని ఇంట్లో చెప్పేశాను. రేపు స్విచ్ వేయాలా వద్దా, మీరే చెప్పండి.