నవలకు మామ ఇచ్చిన హ్యాండోవర్

ఆ రోజుల్లో మా పాల్వంచ కాలనీల ఎవరన్నా కొత్త నవల గురించి రెండు మంచి మాటలు మొదలుపెడితే చాలు, నేను చెవులు మూసుకునేదాన్ని. ఇప్పటి పిల్లలకు ఆ బాధ తెల్వదు. ఫోన్ల ఒక పుస్తకం గురించి రాసేటప్పుడు గూడ, కథ చివర చెప్తున్నం, చదవనోళ్లు ఇక్కడనే ఆగున్రి అని ముందే హెచ్చరిక పెడ్తరు. ఎంత మర్యాద! మా ఇంట్ల ఆ మర్యాద లేదు. మా ఇంట్ల మామ ఉన్నడు.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. థర్మల్ స్టేషన్ల షిఫ్ట్ డ్యూటీ చేసేటోడు. ఆ స్టేషన్లనే నీళ్లు పరీక్ష చేసే ల్యాబ్‌ల నాకు కొత్తగా ఉద్యోగమొస్తే, దమ్మపేట నుంచి వచ్చి వాళ్ల క్వార్టర్ల ఉన్న. అక్కడ ఒక పద్ధతి ఉన్నది. డ్యూటీ దిగేటాయన ఎక్కేటాయనకు అంతా అప్పజెప్పందే కదలొద్దు. ఏ మిషన్ నడుస్తున్నది, ఏది ఆగింది, ఎందుకు ఆగింది, అన్నీ చెప్పాలె. ఒక్క ముక్క దాచినా రేపు మిషన్ కాలుతది. దాన్నే హ్యాండోవర్ అంటరు. చేసీ చేసీ మామ నోటికి అదే పట్టేసింది. పెండ్లికి పోయొచ్చినా గట్లనే చెప్పేటోడు (పప్పుల ఉప్పు తక్కువ, పెండ్లికొడుకు మేనత్త అలిగింది, ఐస్‌క్రీం అయిపోయింది, ఇంకేం పెండింగ్ లేదు). అంతవరకు భరించొచ్చు. నవలను గూడ గట్లనే అప్పజెప్తే మనిషి ఎట్ల బతకాలె? హత్య చేసిందెవరో ముందే చెప్పేసి, "మస్తున్నది, తప్పకుండ చదువు" అనేటోడు. ఏం చదవాలె ఇంక, అట్ట మీద ధరనా?

నా కోపానికి కారణమున్నది. కాలనీ క్లబ్బుల ఒక రూం అడుక్కొని, ఆదివారం పూట కొత్త నవలల మీద ముచ్చట పెట్టుకునే కూటమి మొదలుపెట్టిన. చదివేటోళ్లు, చదవాలని ఆశ ఉండి ఎక్కడ మొదలుపెట్టాలో తెల్వనోళ్లు ఒకచోట కూసోవాలని నా కోరిక. మొదటి రెండు ఆదివారాలు వచ్చినోళ్లు మిర్చిబజ్జీలు తిన్నరు, చాయ్ తాగిన్రు, పుస్తకం మాటెత్తితే, "చదవకున్నా కథ మీ మామ చెప్పిండుగా" అని లేచిపోయిన్రు. ఇది చూసి క్లబ్బు సెక్రెటరీ, వచ్చే వారం గూడ గిట్లనే ఉంటే రూం క్యారమ్స్ ఆడేటోళ్లకు ఇచ్చేస్తనన్నడు. క్యారమ్స్! నా సాహిత్య సేవ జాగల క్యారమ్ బోర్డు మీద బోరిక్ పౌడర్ చల్లే రోజు దగ్గరపడ్డది.

అందుకే మూడో వారానికి ఏరికోరి ఒక కొత్త రచయిత్రి మొదటి నవల ఎంచుకున్న. భద్రాచలం పక్కన గోదారి వరదల ఒక పిల్ల కనపడకుండ పోతది, ఊరంతా పడవ నడిపే ముసలాయన్ని అనుమానిస్తది. ఏమైందో తెల్వకుండ చదివితేనే దాని రుచి. ఖమ్మం నుంచి కొన్ని కాపీలు తెప్పించి పంచిపెట్టిన. నా కాపీ మామ కంట పడొద్దని బియ్యం డబ్బల దాచిన. మామ జీవితంల ఎన్నడూ బియ్యం డబ్బ మూత తియ్యలే (అన్నం ఎక్కడి నుంచి వస్తదో ఆయనకు తెల్సని నేననుకోను). మరి మా అత్త తీస్తది గదా! పుస్తకానికి పురుగు పట్టుద్దని తీసి, జాగ్రత్తగా దులిపి, మామ మంచం మీద పెట్టింది.

శుక్రవారం పొద్దున ఇద్దరం షిఫ్ట్ బస్సులనే ఉన్నం. నేను నవలల సగానికి వచ్చిన, మనసంతా ఆ పిల్ల మీదనే. బస్సు కాలనీ గేటు దాటంగనే మామ సీట్లకెల్లి లేచి నిలబడ్డడు. వద్దు మామా అని చెయ్యి పట్టి గుంజిన. చెయ్యి విడిపించుకొని, పడవాయన మంచోడే, ఆస్తి కోసం సొంత అన్ననే పిల్లను గోదాట్లకు నూకిండు, ఇంకేం పెండింగ్ లేదు అని బస్సంతటికీ అప్పజెప్పి కూసున్నడు. నేను ఊకోలే. ఇది దొంగతనమని, ఒక మనిషి ఆనందాన్ని నడిబజార్ల దోచుకునుడని, ఇసుంటోళ్లకు లైబ్రరీ కార్డు ఇచ్చినోళ్లను ముందు అనాలని స్టేషన్ వచ్చేదాక అరిచిన. డ్రైవర్ అద్దంల నన్నే చూసిండు. మామ మాత్రం కిటికీల నుంచి బయటికి చూసుకుంట కూసున్నడు.

ఆ రోజు నుంచి మామతోటి మాటలు బంద్. నవలను గూడ బియ్యం డబ్బల పారేసిన. తెల్సినంక ఏముంటది చదవనీకి? అత్త కోడికూర వండితే చారుతోటి తిన్న (ముక్క ఒకటి ఆమె నా పళ్లెంల దాచిపెడితే, అది వేరే లెక్క). ఆదివారం, ఇగ రూం నాకొద్దని సెక్రెటరీ మొఖం మీద చెప్పి రావాలని క్లబ్బుకు పోయిన.

మెట్ల మీదకే లొల్లి వినొచ్చింది. రూం నిండ జనం. ఇద్దరు ముగ్గురికో పుస్తకం, వేలు పెట్టి పేజీ చూపెడుతున్నరు. అన్న నూకిండని మామ తమకు చెప్పిండని మార్నింగ్ షిఫ్టోళ్లు, కాదు పడవాయనే ముంచిండని తమకు చెప్పిండని సెకండ్ షిఫ్టోళ్లు గొడవ. కంపెనీ దవాఖాన నర్సక్క నడుమల నిలబడి, బీపీ గోలీలకు వచ్చినప్పుడు ఆ పిల్ల మణుగూరు పోయి పెండ్లి చేసుకున్నదని తనకు చెప్పిండని మండిపడుతున్నది. మనిషికో తీరు చెప్పిండు మా మామ! వేరేదైతే నవ్వి ఊకునేటోళ్లు. షిఫ్ట్ షిఫ్టుకు హ్యాండోవర్ మారితే మాత్రం అక్కడ ఎవరూ ఊకోరు. ఏది నిజమో తేల్చుడానికి ఒకరి చేతులకెల్లి ఒకరు గుంజుకొని అందరూ చివరిదాక చదివిన్రు. ఎన్నడూ పుస్తకం పట్టనని చెప్పిన నర్సక్క గూడ.

"అసలు చివరికి ఏమైతదో తెల్సా, ఆ పిల్ల..." అని ఆమె నా దిక్కు తిరిగింది.

అప్పుడు తట్టింది నాకు. ఆ రూంల పుస్తకం పూర్తిచెయ్యని మనిషిని నేనొక్కదాన్నే. చెప్పకు అక్కా అని చెవులు మూసుకొని మెట్లు దిగి ఉరికిన. వెనకనుంచి సెక్రెటరీ, వచ్చే వారం కుర్చీలు ఇంకెన్ని వెయ్యాలె అని అరుస్తున్నడు.

ఇంట్ల మామ చాయ్ తాగుతున్నడు. ఇంత అబద్ధం ఎందుకాడినవని నిలదీసిన.

"మిషన్ ముచ్చట్ల అబద్ధమాడితే మిషన్ కాలుతది," అన్నడు. "కథల ఆడితే రూం నిలబడ్డది. పో, చదువుకో. బియ్యం డబ్బల ఉన్నది."

తన ఎత్తు నాకు ముందే చెప్తే ఏం పోయేదని నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతది. మామ రిటైరై దమ్మపేటల ఉంటున్నడు. మొన్న కంటి ఆపరేషన్ అయింది, కొన్ని రోజులు చదవొద్దన్నరంట. ఆదివారం ఫోన్ చేసి, కొత్తగ ఏమన్నా చదివినవా, హ్యాండోవర్ ఇయ్యి అన్నడు. నేను ఒక నవల మొదటి నుంచి చెప్పి, ఆఖరుకు వచ్చేసరికి ఆగి, కట్టు విప్పినంక నువ్వే చదువుకో, పుస్తకం పంపిస్త అన్న. మామకు కోపమొచ్చింది. మనిషిని సగంల వదిలిపెట్టుడేందని, ఇది దొంగతనమని, ఇసుంటిదానికి ఉద్యోగం ఇచ్చినోళ్లను అనాలని అరుస్తనే ఉన్నడు. ఆనాడు బస్సుల నేను అరిచిన మాటలు ఒక్కటి గూడ మర్చిపోలే. ఫోన్ చెవికి దగ్గరగ పెట్టుకొని మొత్తం విన్న.