అత్తగారి పక్క సీట్లో స్టెప్నీ

మాస్కులు ముక్కు మీద నుంచి గడ్డం కిందికి దిగి, ఇంకా చెత్తబుట్టలోకి చేరని ఆ రోజుల్లో, ముఖం దాచుకునే వసతి పోతోందని దిగులుపడిన మనిషి ఈ ఎమిరేట్స్ మొత్తం మీద నేనొక్కదాన్నే అయి ఉంటాను. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. ఎవరైనా పలకరిస్తే, నేను జవాబు తయారుచేసుకునే లోపు వాళ్ళు వెళ్ళిపోయేవారు. ఆ జవాబు ఇంటికి తెచ్చుకుని డైరీలో రాసుకునేదాన్ని (మంచి జవాబులే, ఇప్పుడు చదివినా బాగుంటాయి). అలాంటి నన్ను మా పిన్ని, తాను వంట చేసే ఇంటి మేడమ్‌ని ఏడాదిపాటు బతిమాలి, సజ్జా అనే గ్యారేజీల పేటలో ఒక గ్యారేజీ కౌంటర్లో కూర్చోబెట్టింది. ఎడారిలో తిరిగే పెద్ద బళ్ళకి హంగులు అమర్చే గ్యారేజీ అది. ఆరు నెలల ప్రొబేషన్. "నోరు తెరిచి మాట్లాడవే తల్లీ, ముత్యాలేం రాలిపోవు. ఈ ఉద్యోగం కూడా పోయిందంటే ఆ మేడమ్‌కి నా మొహం చూపించలేను," అని రోజూ టిఫిన్ డబ్బాతో పాటు ఈ మాట కూడా కట్టి పంపేది.

ఆ గ్యారేజీలో కస్టమర్‌కి ఎవరూ 'కాదు' అని చెప్పరు. ఏమడిగినా 'మాఫీ ముష్కిల్', అంటే ఇబ్బందే లేదు, అనడం అక్కడి ఆచారం. మా ముదీర్, అంటే మేనేజరు, హైదరాబాదు ఆయన. ఇబ్బంది ఏమిటో తెలియకముందే అది లేదని ప్రకటించేవారు. ఆ ఇబ్బందిని వెతుక్కుంటూ బండి కిందికి దూరడం మా హెడ్ మెకానిక్ పని. ఆయనది కడప, అందరం ఉస్తాద్ అనేవాళ్ళం.

నా ప్రొబేషన్ ఇంకా తొమ్మిది రోజులుందనగా, ఒక శనివారం పొద్దున్నే భీమవరం వైపు ఆయన ఒకరు వచ్చారు. డైరీలో నేను ఆయనకి 'ఎడారి వీరుడు' అని పేరు పెట్టాను. ఆయన బండికి పారలు, తాళ్ళు, నెత్తిన పెళ్ళి పందిరికి సరిపోయేన్ని లైట్లు ఉన్నాయి. ఇసుక మాత్రం అది పార్కింగులో తొక్కిందే. నెల క్రితం మా దగ్గరే నాలుగు చక్రాలకీ పెద్ద టైర్లు వేయించారు. బండి కింద గొలుసుకి వేలాడే స్టెప్నీ మాత్రం పాతదే, చిన్నదే.

"నాలుగు కాళ్ళకీ పదో నంబరు బూట్లేసి, విడి బూటు ఏడో నంబరుంటే ఎలాగండీ? రేపు పిల్లల్తో ఎడారిలోకెళ్తున్నాం. మా అత్తగారు కూడా వత్తన్నారు. ఆవిడ ముందు టైరు పోయి, స్టెప్నీ సరిపోలేదనుకోండి, నా పరువేంగానండీ?"

"మాఫీ ముష్కిల్ సార్. పెద్దదే పెడ్తం," అన్నారు ముదీర్.

బండి కింద చోటు పాత టైరుకి కొలిచి కుట్టినట్టు ఉంటుంది. ఒక పక్క సైలెన్సర్ గొట్టం, ఇంకో పక్క బంపర్. కొత్త టైరు కొలతా, ఆ చోటు కొలతా నా బల్ల మీది కాగితాల్లోనే ఉన్నాయి. తేడా నాలుగు వేళ్ళు. ఆ సంగతి జాబ్ కార్డు వెనక పెన్సిలుతో ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను (వెనక వైపు ఎవరూ చూడరు, అందుకే అక్కడ రాశాను). బయట మాత్రం కాగితం ఎవరికి కావాలి? "పడతాదిలే సార్, యాడికి పోతాది!" అంటూ ఉస్తాద్ కింద పడుకుని టైరుని పైకి తోశారు. జాకీతో ఎత్తారు. పని మానుకుని వచ్చిన ప్రతివాడూ ఒక సలహా ఇచ్చి, టైరుని ఒక తన్ను తన్ని వెళ్ళాడు. రెండు గంటల తర్వాత, చెమటలో ఈదుతున్న ఉస్తాద్‌కి జ్ఞానోదయమైంది. ఎడారి వీరుడు టీ తాగడానికి అటు వెళ్ళగానే టైరులో గాలి తీసేశారు. అది పాత దిండులా మెత్తబడి, బుద్ధిగా ముడుచుకుని, ఆ చోట్లో ఇమిడిపోయింది. చప్పట్లు కొట్టారు, వీడియో కూడా తీశారు. "ఖలాస్!" అన్నారు ఉస్తాద్.

"గాలి..." అన్నాను నేను, ముదీర్‌కి వినిపించీ వినిపించనట్టు.

"స్టెప్నీ దింపి ఎవరు చూస్తరమ్మా? కార్డుల 'చెక్ చేసినం, ఓకే' అని రాసి సంతకం పెట్టు. ప్రొబేషన్‌ల ఉన్నవ్, యాది పెట్టుకో."

పెట్టాను. సిగ్గుపడే మనిషి, చేతిలో పెన్ను ఉంటే, ఎంత పిరికిపనైనా అందంగా చేస్తుంది. కాని అద్దం అవతల ఎడారి వీరుడు వీడియో కాల్లో అంటున్నారు: "అత్తయ్యగారూ, పిల్లల గురించి మీరసలు భయపడకండి. ఇంకో చక్రం కూడా రెడీగా ఉంది!" అది చక్రం కాదు, చక్రం ఆకారమని తెలిసినవాళ్ళు అక్కడ ఆరుగురం ఉన్నాం. ఆరుగురం నవ్వుతూ నిలబడ్డాం. ఇసుకలో ఆ ముసలావిడ, ఆ పిల్లలు, ఎండ, ఈ దిండు, కింద నా సంతకం, అన్నీ ఒక్కసారి కనిపించాయి.

బండి స్టార్టయింది. నేను వెళ్ళి దాని ముందు నిలబడ్డాను. చెప్పాల్సిన వాక్యాన్ని మనసులో రెండుసార్లు దిద్దుకున్నాను, మూడోసారి దిద్దుతుంటే హారన్ మోగింది.

"ఏమ్మా, ఫోటో ఏమన్నా కావాలా?"

కళ్ళు గట్టిగా మూసుకున్నాను. "గాలి లేదండీ! స్టెప్నీలో బొత్తిగా గాలి లేదు! గాలుంటే పట్టదు, పడితే గాలుండదు!"

ఆ గొంతు నాదేనా అని నేనే కళ్ళు తెరిచి చూశాను. పక్క గ్యారేజీలో సుత్తి ఆగిపోయింది.

"గాలి ఉంది సార్, జర తక్కువ," అన్నారు ముదీర్.

"ఎంత తక్కువండీ?"

ఉస్తాద్ అబద్ధం ఆడలేని మనిషి. "ఉండాల్సిందంతా తక్కువే సార్."

"అయితే కొట్టండి గాలి!"

"మాఫీ ముష్కిల్!" అన్నారు ముదీర్. కొట్టారు. టైరు ఉబ్బి, సైలెన్సర్‌ని కౌగిలించుకుని, పైకీ రాక కిందికీ దిగక బిగుసుకుపోయింది. మళ్ళీ గాలి తీసి దింపేసరికి మధ్యాహ్నమైంది. ఎడారి వీరుడు ముదీర్‌ని వదిలేసి నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పమ్మా. ఇది పడుద్దా, పట్టదా?"

"పట్టదండీ."

డిక్కీ నిండా గుడారం, బొగ్గుల పొయ్యి. చివరికి గాలి నింపిన స్టెప్నీని వెనక సీట్లో కూర్చోబెట్టి సీటుబెల్టు పెట్టారు.

"దీని పక్కన కూర్చునే మా అత్తగారికి ఏం చెప్పమంటారండీ?"

"తోడుగా ఉంటాదని చెప్పండి సార్," అన్నారు ఉస్తాద్.

సాయంత్రం ముదీర్ కేబిన్‌లోకి పిలిచారు. పిన్నికి ఏం చెప్పాలో కూడబలుక్కుంటూ వెళ్ళాను.

"నా ఇజ్జత్ తీసినవ్." తల ఊపాను. "పదకొండేండ్లాయె నేను ఈ లైన్ల. కస్టమర్ మొహం చూస్తే 'కాదు' అనే మాట నాకు రాదు. ఉస్తాద్‌కు రాదు. ఎవ్వనికీ రాదు. సోమవారం నుంచి పట్టనివన్నీ నువ్వే చెప్పాలె."

"నాకు మాట్లాడటం రాదు సార్..."

"ఇయ్యాల మాట్లాడినవ్ గద? సజ్జా మొత్తం విన్నది."

అలా నా ఉద్యోగం నిలబడింది. ఇప్పుడు రోజుకి పదిమందికి తడుముకోకుండా, టీ తాగుతూ, ఫోను చెవిలో ఉండగానే "పట్టదండీ" అనేస్తాను. పిన్ని ఈమధ్య "కాస్త నెమ్మదిగా మాట్లాడవే, చెవులు పోతున్నాయి" అంటోంది. ఒక్కొక్కప్పుడు అనుకుంటాను, ఆ రోజు బండి ముందు కళ్ళు మూసుకుని నిలబడ్డ ఆ పిల్ల ఇప్పుడు ఏదైనా అడగడానికి నా కౌంటర్ దగ్గరికి వస్తే, నా గొంతు విని జడుసుకుని, అడక్కుండానే ఇంటికి వెళ్ళిపోతుందేమోనని.