డప్పు కొట్టించి చెప్పిన నంబరు

చట్టాలన్నీ పేదోళ్ళ నోళ్ళు కొట్టడానికే పుట్టాయని ఎవరైనా నా ముందు ఉపన్యాసం మొదలుపెడితే నాకు ఒళ్ళు మండుతుంది. అన్ని చట్టాల సంగతి నాకు తెలియదు. నా చేతికి వచ్చిన ఒక్క ఉత్తర్వు సంగతి మాత్రం బాగా తెలుసు. అది మంచి ఉత్తర్వే. దాన్ని పాడుచేసింది నేను.

ఎనభైల నడుమ సంగతి ఇది. కరణాల ఉద్యోగాలను ప్రభుత్వం ఎత్తేసిన కొత్తలో, పూతలపట్టుకు అవతల ఒక పల్లెలో వాళ్ళ స్థానంలో గ్రామ సహాయకుడిగా చేరాను. చిత్తూరు టౌనులో పుట్టి పెరిగినవాణ్ణి. ఏది మెట్టో ఏది మాగాణో కూడా పుస్తకంలో చూసి చెప్పేవాణ్ణి. అయినా సర్వే పటాల పుస్తకం చంకలో పెట్టుకుని వీధిలో నడుస్తుంటే, మా నాయన వయసువాళ్ళు కూడా అరుగు మీద నుంచి లేచి "రాండి సారూ" అనేవాళ్ళు. ఆ పిలుపు నాకు నెత్తికెక్కింది. దాచుకోవడం దేనికి, బాగా ఎక్కింది.

అప్పుడు వచ్చిందా ఉత్తర్వు. గాలితో కరెంటు తీసే యంత్రాలు నిలబెట్టడానికి ప్రభుత్వ పోరంబోకు గుట్టలను కౌలుకు ఇవ్వవచ్చునని అందులో ఉంది. మా గ్రామం లెక్కలో ఉన్న గుట్టల్లో ఒకదాన్ని ఎంచుకున్నారు. ముందు గాలిని కొలిచే ఒక స్తంభం పాతుతారట. గాలి బాగుంటే తర్వాత గాలిమరలు. బొగ్గు లేదు, పొగ లేదు, కొండ మీద రెక్క తిరిగితే ఇంట్లో దీపం వెలుగుతుందంటే నేను నిజంగా మురిసిపోయాను. ఇంటికి పోయినప్పుడు మా అమ్మకు చేతులు తిప్పి మరీ చూపించాను. "గాలికి కూడా కౌలా! ఇదేం చోద్యం రా" అని ఆమె ముక్కు మీద వేలేసుకుంది.

ఆ ఉత్తర్వులో ఇంకో షరతు ఉండేది. కౌలుకు ఇచ్చే ముందు ఊళ్ళో దండోరా వేయించాలి. పదిహేను రోజులు గడువు ఇవ్వాలి. ఊరివాళ్ళు వాడుకునే దారి గాని, నీళ్ళ వసతి గాని అక్కడ ఉందని ఒక్కరు ఆక్షేపణ చెప్పినా, విచారించి ఆ మేరకు స్థలం వదిలిపెట్టి మిగతాదే కౌలుకు ఇవ్వాలి. ఒక్కరు చాలు. దాన్ని రాసిన మహానుభావుడెవరో గాని, మేకలు కాచేవాళ్ళ కష్టం ఎరిగినవాడై ఉంటాడు.

దండోరాకు ముందు సర్వేయరుతో కలిసి గుట్ట ఎక్కాను. చిత్తూరు ఎండ సంగతి చెప్పేదేముంది, సగం దూరం ఎక్కేసరికే నా నాలుక పిడచకట్టుకుపోయింది. పైన బండ నడుమ ఒక దొన ఉంది. వానకు నిండితే నడివేసవిలోనూ ఇంకని రాతి గుంట అది. దాని పక్కన మేకలు తోలుకొచ్చిన ఒక అవ్వ కూర్చుని ఉంది. నా అవతారం చూసి నవ్వి, సత్తు చెంబుతో నీళ్ళు ముంచి ఇచ్చింది.

"తాగు సామీ, మెల్లిగా తాగు. ఈ దొన లేకుంటే నా మేకలు ఏ ఎండాకాలమూ దాటవు. కిందుండే బాయిల్లో నీళ్ళు మాకెవురు ఇస్తారు?" అంది. కొడుకు లేడట, కూతురు అరగొండ దిక్కు కాపురం చేసుకుంటోందట. ఈ మేకలే తనకు కూడూ గుడ్డా అని చెప్పింది. "అవునూ, ఏం కొలస్తా ఉండారు?" అని అడిగింది.

"ఊరికే అవ్వా, గుట్ట ఎత్తు ఎంతుండాదో సూస్తా ఉండాం" అన్నాడు సర్వేయరు. నేను చెంబు ఎత్తి నీళ్ళు తాగుతున్నాను. తాగడం అయిపోయాక కూడా ఏమీ చెప్పలేదు.

ఆ వారంలోనే దండోరా. నోటీసులో సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు దిక్కుల హద్దుల నంబర్లు ఉన్నాయి. గుట్ట పేరు లేదు. ఊళ్ళో ఎవరికీ ఆ నంబరు తెలియదు. వాళ్ళకు అది దొనగుట్ట, అంతే. పాత కరణానికి తెలుసు గాని, ఉద్యోగం ఊడిందన్న అలకతో ఆయన మా నోటీసు వంక తలెత్తి కూడా చూడలేదు. ఆ నంబరంటే దొనగుట్ట అని తెలిసి, ఊరికి చెప్పాల్సిన స్థానంలో ఉన్నది నేనొక్కణ్ణే.

తలారి డప్పు వెచ్చజేసుకుని వచ్చి అడిగాడు. "ఏం నంబరప్పా అది? యాడుండాది ఆ భూమి? జనం అడిగితే నేనేం చెప్పేది?"

"నోటీసులో ఉండేది ఉండినట్టు చెప్పు. సొంత కవిత్వం ఒద్దు" అన్నాను.

అతను నా ముఖం కేసి ఒకసారి చూసి, డప్పు భుజానికి తగిలించుకున్నాడు. మూడు వీధుల్లోనూ, మేకలవాళ్ళుండే కింది పల్లెలోనూ కొట్టించాను. నోటీసు కాగితం పట్టుకుని నేనూ వెంటే తిరిగాను. చట్టప్రకారం వేలెత్తి చూపడానికి లేదు. ఆ అవ్వ గుడిసె ముందు కూడా డప్పు మోగింది. ఆమె బయటికి వచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చివరి మాట దాకా విని లోపలికి పోయింది.

దొనగుట్ట అన్న ఒక్క మాట ఎందుకు చెప్పలేదని ఇన్నేళ్ళుగా నన్ను నేనే అడుగుతున్నాను. చెప్పొద్దని నన్ను ఎవరూ అనలేదు. చెబితే జనం చావడికి వస్తారు, ఆక్షేపణ రాయాలి, విచారణ, మళ్ళీ సర్వే, మళ్ళీ రిపోర్టు. కొత్తగా చేరినవాడు పని చకచకా ముగించాడన్న పేరు నాకు కావాలి. మేకలకు ఈ జిల్లాలో గుట్టలా కరువు అని కూడా అనుకున్నాను. సిగ్గులేని ఆలోచన.

పదిహేను రోజులూ చావడిలో కూర్చున్నాను. ఒక్క పురుగు కూడా రాలేదు. పదహారో రోజు ముత్యాల్లాంటి అక్షరాలతో "ఆక్షేపణలు ఏమియు రాలేదు" అని రాసి సంతకం పెట్టాను. పై అధికారి ఆ కాగితం చూసి, పని అంటే ఇట్లా ఉండాలి అని మెచ్చుకున్నాడు. ఆ పూట నాకు అన్నం రుచిగా ఉంది.

కంచె రాళ్ళు పాతి ముళ్ళతీగ లాగిన రోజు, ఆ అవ్వ మరో నలుగురిని వెంటేసుకుని చావడికి వచ్చింది.

"ఇదేం అన్యాయం సామీ? దొన కాడికి పోనీకుండా తీగ కట్టేసినారు. పొద్దున్నుంచి మేకలు ఆ తీగ కాడనే నిలబడి అరస్తా ఉండాయి."

దండోరా వేయించాం కదవ్వా అన్నాను.

"ఇన్నాం. ఏదో నంబరు అన్నారు. ఎవురి చేనో వేలమేస్తా ఉండారు, మనది కాదులే అనుకున్నాం. మా గుట్టకు నంబరుండాదని మాకెవురు చెప్పినారు? ఇప్పుడన్నా రాసుకో నాయనా, మా దొన మాకు ఇడిసిపెట్టమని."

రాయవచ్చు. దండోరా జనానికి అర్థమయ్యేలా జరగలేదు, తప్పు నాదే అని నాలుగు ముక్కలు రాస్తే పైవాళ్ళు మళ్ళీ విచారణ చేసేవాళ్ళు. మహా అయితే నన్ను నాలుగు చీవాట్లు పెట్టేవాళ్ళు. నేను గడువు దాటిపోయిందని చెప్పాను. గడువు అన్న మాటను రెండుసార్లు, కొంచెం గట్టిగానే అన్నాను. వాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని వెళ్ళిపోయారు.

ఆ వేసవిలోనే అవ్వ మేకలు ఒకటొకటిగా సంతకు పోయాయి. ముందు పోతులు, తర్వాత పాలిచ్చేవి, చివరికి పిల్లలు. ఆమె మామిడి తోటల్లో కూలికి పోసాగింది. ఆ వయసులో వంగి కాయలు ఏరుతుంటే రోడ్డు మీద నుంచి కనిపించేది. నేను సైకిలు మీద తల తిప్పుకుని పోయేవాణ్ణి.

గాలి స్తంభం రెండేళ్ళు నిలిచింది. దాని కొసన గాలి వేగం కొలిచే గిన్నెలు గిరగిరా తిరిగేవి. తర్వాత కౌలుకు తీసుకున్నవాళ్ళ మనుషులు వచ్చి, ఇక్కడ గాలి చాలదని స్తంభం విప్పుకుని పోయారు. కంచె మాత్రం ఉండిపోయింది, కౌలు గడువు తీరలేదు గనక. అది తీయించడానికి కూడా ఎవరో ఒకరు అర్జీ పెట్టాలి. ఇక ఎవరు పెడతారు, ఊళ్ళో మేకలే లేకుండా పోయాయి.

నాకు చిత్తూరుకు బదిలీ అయింది. ట్రంకు పెట్టె పట్టుకుని పూతలపట్టు కూడలిలో బస్సు కోసం నిలబడి ఉంటే, కాణిపాకం పోవడానికి వచ్చిన ఆ అవ్వ నన్ను చూసి దగ్గరికి వచ్చింది. తిట్టిపోస్తుందనుకున్నాను. తిడితే బాగుండుననే అనుకున్నాను.

"పోతా ఉండావా సామీ? మంచిది. ఒక మాట అడగతా, తప్పుగా అనుకోవద్దు. ఆ పొద్దు డప్పు కొట్టించినావే, ఆ నంబరు మా దొనగుట్టదని నీకు తెలుసునా?"

"లేదవ్వా. నాకూ తెలీదు" అన్నాను. తడుముకోకుండా వచ్చింది ఆ మాట.

ఆమె ముఖం విప్పారింది. "నేను అదే అన్యా. ఊర్లో వాళ్ళు నిన్ను ఆడిపోసుకుంటా ఉంటే నేనే అడ్డం పడినా. చదువుకున్న పిల్లోడు, పాపం కొత్తోడు, తెలిసుంటే మనకు చెప్పకుండా ఉంటాడా అని అందరి నోళ్ళూ మూయించినా. అంతే కదా సామీ?"

"అంతే అవ్వా" అన్నాను.