మా మామ్మ ఒప్పుకోని కాదు వాక్యాలు

ఆ రోజుల్లో చదువంటే గొంతుకే. మనసులో చదువుకునే పిల్ల నిజంగా చదువుతోందని ఇంట్లో ఎవరూ నమ్మేవారు కాదు. సంజెవేళ వీధరుగు మీద లాంతరు పెట్టుకుని, ఎదురింటివాళ్ళకి కూడా వినబడేలా అరిస్తేనే వంటింట్లో ఉన్న అమ్మకి తృప్తి. ఇప్పుడు మా మనవరాలు చెవుల్లో ఏవో పెట్టుకుని, పెదవి కదపకుండా, గంటలో పాఠమంతా అయిపోయిందంటుంది. అయిందో లేదో ఆ పుస్తకానికే తెలియాలి. నేనూ అలా నోరు మూసుకుని చదువుకుని ఉంటే మా ఆవు పాలచెంబు తన్నేదీ కాదు, నాన్నగారికి గోదావరి దాటించే పంటు తప్పేదీ కాదు, మా హెడ్మాస్టారికి అంత తొందరగా ఊరు మారే యోగమూ పట్టేది కాదు. (ఇదంతా మా మామ్మ లెక్క. నాన్నగారి లెక్క వేరు.)

రాజోలుకి కాలవగట్టు మీద నడిచి వెళ్ళేంత దూరంలో మా ఊరు. దొరలు వెళ్ళిపోయి అట్టే కాలం కాలేదు గానీ, వాళ్ళ భాష మాత్రం మూటాముల్లె సర్దుకోకుండా మా బళ్ళోనే ఉండిపోయింది. నేను థర్డు ఫారం, అంటే ఇప్పటి ఎనిమిదో తరగతి. మాకు ఇంగ్లీషు చెప్పే ఆయన్ని పిల్లలందరం ‘అవును-కాదు మాస్టారు’ అనేవాళ్ళం. ఏ వాక్యం కనబడినా దాన్ని మూడు చేస్తే గానీ ఆయనకి నిద్ర పట్టదు. మొదటిది అవును వాక్యం, రెండోది కాదు వాక్యం, మూడోది అడిగే వాక్యం. “కొబ్బరికాయకి మూడు కళ్ళున్నట్టే ఇంగ్లీషు వాక్యానికి మూడు మొహాలుంటాయర్రా. ఒక కన్ను మెత్తన, తక్కిన రెండూ గట్టి. ఆ గట్టివి పొడిచినవాడికే చదువొచ్చినట్టు” అనేవారు. ఇది నిన్నకి, నేటికి, రేపటికి విడివిడిగా చెయ్యాలి. చేసినవి ఇంటి దగ్గర పైకి చదవాలి.

మా నాన్నగారిది కొబ్బరికాయల వ్యాపారం. ఆయన ఓ మాట అనేశారు. “ఈ ఏడు ఇంగ్లీషు గట్టెక్కేవా, ఫోర్తు ఫారానికి పంపిస్తాను. తప్పేవా, ఇంక చాలు, ఇంటిపట్టునుండి మీ అమ్మకి సాయం చేద్దువుగాని.” నాకు చదువంటే ప్రాణమని కోతలు కొయ్యను. కానీ పొద్దున్నే ఆ కాలవగట్టు మీద, పడవలు లాగేవాళ్ళ పక్కనే నడిచి వెళ్ళడమంటే ప్రాణం. ఇంటిపట్టునుంటే ఆ గట్టు నాకుండదు. అందుకని గొంతు చించుకుని చదివేదాన్ని.

ఇక మా మామ్మ. మామ్మ అంటే నాన్నగారి అమ్మ. ఆవిడకి అక్షరం ముక్క రాదు, కుతూహలం మాత్రం కొండంత. నేను చదువుతుంటే స్తంభానికి ఆనుకుని వత్తులు చేసుకుంటూ, ప్రతి వాక్యానికీ అర్థం చెప్పమనేది. “అర్థం తెలీకుండా ఇంట్లో ఏ మాటా పలక్కూడదే. మంత్రమైనా అంతే, తిట్టయినా అంతే” అనేది. మొదటి రోజే పేచీ. ‘ఐ గో టు స్కూల్’ అని చదివి, ‘నేను బడికి వెళ్తాను’ అని అర్థం చెప్పాను. మామ్మ చేతిలో వత్తి ఆగిపోయింది.

“వెళ్తానేంటే? వెళ్ళొస్తానని కదా అనాలి. వచ్చే మాటేదీ?”

“ఇంగ్లీషులో అలా ఉండదు మామ్మా.”

“వాళ్ళు వెళ్తే రారేమో. మనం వస్తాం. ఆ మాట కూడా పెట్టు.”

పెట్టాను. ‘ఐ గో టు స్కూల్ అండ్ కమ్’. మర్నాడు మాస్టారు దాన్ని చూసి, ఎర్రసిరా కలం మూసేసి, “మీ ఇంట్లో పెద్దవాళ్ళున్నారామ్మా?” అని అడిగారు. ఆయ్, మామ్మ ఉందండి, అన్నాను. ఆయన పుస్తకం మూసి నా చేతికిచ్చేశారు.

అవును వాక్యానికే అంత గొడవైతే ఇక కాదు వాక్యాల సంగతి వేరే చెప్పాలా? ‘ఆవు పాలు ఇచ్చును’ అన్నంతవరకూ మామ్మ మొహం వెలిగిపోయింది. ‘ఆవు పాలు ఇవ్వదు’ అనేసరికి గబుక్కున లేచి నా నోటి మీద చెయ్యి పెట్టింది. “సంజెవేళ! దీపం పెట్టి ఇంకా నిమిషం కాలేదు! పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారే, తల్లీ!” తెల్లారి అమ్మ పాలు పితకడానికి కూర్చుంటే ఆవు ఒక్క తన్ను తన్నింది. చెంబు వెళ్ళి గడ్డిమేటు దగ్గర పడింది. దూడ రాత్రి కట్టు తెంపుకుని తాగేసిందని పాలేరు మొత్తుకున్నాడు గానీ, మామ్మ చూపు నా పుస్తకం సంచీ మీదే ఉంది.

అడిగే వాక్యాలు ఇంకా ప్రమాదం. నాన్నగారు నరసాపురంలో కాయల బేరానికి బయల్దేరి, చెప్పులేసుకుని గడప దాటుతుండగా నేను పాఠం అందుకున్నాను. ‘ఈజ్ ఫాదర్ గోయింగ్?’ అర్థం చెప్పక్కర్లేకుండానే రాగాన్నిబట్టి మామ్మ పట్టేసింది. బయల్దేరేవాణ్ణి వెనకనుంచి అడగడమా! నాన్నగారిని వెనక్కి పిలిచి, పీట మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి, కాసేపాగి మళ్ళీ పంపించింది. ఆయన సఖినేటిపల్లి రేవు చేరేసరికి పంటు గోదావరి మధ్యలో ఉందిట. సాయంత్రం ఆయన మొహం కందగడ్డ.

“అమ్మా, తథాస్తు దేవతలకి ఇంగ్లీషు రాదమ్మా. నువ్వు ఊరికే హడలిపోకు.”

“ఎందుకు రాదురా? ఇన్నేళ్ళూ దొరలు ఈ గాల్లోనే కదా మాట్లాడేరు. వినగా వినగా రాదూ? నీకు రాలేదని దేవతలకీ రాదంటే ఎలా?”

నాన్నగారు కండువా దులుపుకుని లోపలికి వెళ్ళిపోయారు. (ఆయనకి ఇంగ్లీషులో సంతకం కూడా రాదు.)

ఆ రాత్రి నుంచి నాకో వింత పట్టుకుంది. అసలు మా ఇంట్లో ‘లేదు’ అనే మాట ఎవరైనా అంటారా అని చెవులు రిక్కించి వినడం మొదలుపెట్టాను. బియ్యం అయిపోతే ‘నిండుకున్నాయి’ అంటారు. దీపం ఆరిపోతే ‘కొండెక్కింది’ అంటారు. బిచ్చగాడికి పెట్టలేకపోతే ‘మళ్ళీ రా బాబూ’ అంటారు. ఎవరైనా నాన్నగారిని బండి అడిగితే, ఇవ్వనని అనరు, “ఆయ్, దానికేవండీ, ఎడ్లు కాస్త అలిసేయండి” అంటారు. అడిగినాయనా “ఆయ్” అని వెళ్ళిపోతాడు. ఇన్ని తరాలుగా మావాళ్ళు కాదు వాక్యం లేకుండా కాపరాలు చేసేశారు. ఇప్పుడు నేను దాన్ని మూడు కాలాల్లోనూ చెయ్యాలి, లేకపోతే కాలవగట్టు పోతుంది.

ఆ మాటే చెప్పి మామ్మ దగ్గర ఏడ్చాను. మామ్మ కరిగింది. కూర్చుని ఆలోచించింది. చెడ్డవాటి మీదైతే కాదు వాక్యాలు చెప్పుకోవచ్చంది. పాము కరవదు. దొంగ రాడు. గోదారి గట్టు తెగలేదు. ఇవి ఎంత గట్టిగా అరిస్తే అంత మంచిదట. అడిగే వాక్యాలంటావా, వచ్చేవాళ్ళ మీద చెప్పమంది. అల్లుడొచ్చాడా? వాన వచ్చిందా? వెళ్ళేవాళ్ళని మాత్రం అడక్కూడదు. “అంతగా అడగాల్సొస్తే ‘ఎందాకా’ అనాలి. ఎందాకాకి మీ మాస్టారు ఇంగ్లీషు చెప్పలేదా?” చెప్పలేదు. ఆ ప్రకారం సంవత్సరమంతా మా అరుగు మీద పాములు కరవలేదు, దొంగలు రాలేదు, రాబోరు. ఎదురింటివాళ్ళు సంతోషించారు. నాకు మాత్రం మంచివాటి మీద కాదు వాక్యం నోట పలకడమే అలవాటు తప్పిపోయింది.

పరీక్షలయ్యాయి. అటూ ఇటూ ఊగుతున్నవాళ్ళని హెడ్మాస్టారే స్వయంగా పిలిచి నోటితో అడిగి తేల్చడం మా బళ్ళో రివాజు. ఆ ఊగేవాళ్ళలో నేనున్నాను. హెడ్మాస్టారు రామచంద్రపురం మనిషి. నవ్వగా చూసినవాళ్ళు లేరు. సరిగ్గా ఆ రోజుల్లోనే మామ్మకి జ్వరం తగిలింది. లంఖణాలతో నీరసించి, పొద్దున్న నేను వెళ్ళొస్తానంటే చెయ్యి మాత్రం ఊపింది. ఆ చెయ్యి కళ్ళలో పెట్టుకునే బడికి వెళ్ళాను. హెడ్మాస్టారు కుర్చీలో, అవును-కాదు మాస్టారు ఆయన వెనక నిలబడి.

“మై గ్రాండ్‌మదర్ ఈజ్ ఇన్ ది హౌస్. మా మామ్మ ఇంట్లో ఉంది. దీనికి కాదు వాక్యం చెప్పమ్మా” అన్నారు హెడ్మాస్టారు.

ఎన్ని మాటలున్నాయండీ లోకంలో! బల్ల ఉంది, గొడుగు ఉంది, పిల్లి ఉంది. ఆయనకి మా మామ్మే దొరికింది. వాక్యం నాకు తెలుసు. నాలిక చివర ఉంది. జ్వరంతో మంచం మీదున్న మనిషిని పట్టుకుని, ఇంట్లో లేదు అని నా నోటితో నేనెలా అనను? మాస్టారు వెనకనుంచి కళ్ళతో బతిమాలుతున్నారు. కాలవగట్టు కళ్ళముందు కనబడుతోంది. మామ్మ చెయ్యీ కనబడుతోంది.

“ఏమ్మా, రాదా?”

కళ్ళు మూసుకుని ఒక్క గుక్కలో అనేశాను. ‘మై గ్రాండ్‌మదర్ ఈజ్ నాట్ ఇన్ ది హౌస్, షి ఈజ్ ఇన్ ది గార్డెన్!’

హెడ్మాస్టారు కళ్ళజోడు తీశారు. “ఆవిణ్ణి తోటలోకి ఎందుకు పంపించేవమ్మా?”

“ఒట్టినే లేదంటే బాగోదండి. మా మామ్మకి జ్వరంగా ఉందండి. తోటలో ఉందంటే, బాగున్నట్టే కదండి” అని ఏడ్చేశాను.

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. తరవాత చాలా మెల్లిగా, “మా అమ్మా ఇంతేనమ్మా. ఉప్పు అయిపోతే ఏనాడూ అయిపోయిందనలేదు” అన్నారు. అని మళ్ళీ కళ్ళజోడు పెట్టుకున్నారు. “కానీ నాకు తోటా దొడ్డీ లేని వాక్యం ఒకటి కావాలి. నా మీద చెప్పు. నాకేం అవదులే. ది హెడ్మాస్టర్ ఈజ్ ఇన్ ది స్కూల్.”

‘ది హెడ్మాస్టర్ ఈజ్ నాట్ ఇన్ ది స్కూల్’ అన్నాను గట్టిగా, అరుగు మీద పాములని అన్నంత గట్టిగా. అవును-కాదు మాస్టారు తల పట్టుకున్నారు. హెడ్మాస్టారు నవ్వారు. నేను గట్టెక్కాను.

పరుగున ఇంటికొచ్చి మామ్మకి అంతా చెప్పాను. తోటలో ఉన్నానన్నావా, అని రెండుసార్లు అడిగింది. అడిగి, అమ్మ వద్దంటున్నా వినకుండా, నా భుజం పట్టుకుని లేచి దొడ్డిదారిన తోటలోకి నడిచింది. కొబ్బరిచెట్టుకి ఆనుకుని ఆయాసపడుతూ, “పిల్ల ఇంగ్లీషులో చెప్పింది. అబద్ధం కాకూడదు” అంది. వెనకే వచ్చిన నాన్నగారు ఆవిడకి పీట తెచ్చి వేశారు. నాలుగు రోజులకి జ్వరం కూడా తగ్గింది.

ఆ వేసవి సెలవుల్లోనే హెడ్మాస్టారికి బదిలీ అయింది. రామచంద్రపురానికే! ఎన్నాళ్ళుగానో అడుగుతున్నా రానిది అప్పుడొచ్చిందట. సామాను బండి మా వీధినే వెళ్ళింది. ఆయన అరుగు దగ్గర బండి ఆపించి, “నీ కాదు వాక్యం బ్రహ్మాండంగా పనిచేసిందమ్మా” అన్నారు. మామ్మ ఆయనకి రెండు బొండాలు కొట్టించి ఇచ్చి, నాన్నగారి వంక తిరిగి, “ఇప్పుడేమంటావురా? వాళ్ళకి ఇంగ్లీషు వచ్చా, రాదా?” అంది. ఆనాటినుంచి నాన్నగారు ప్రయాణమైతే ముందు నా చేతిలో పుస్తకముందేమో చూసుకుని మరీ చెప్పులేసుకునేవారు. ఎందుకండీ అంటే, ఎండగా ఉంది కదా, చూస్తున్నాను అనేవారు.

తరవాత నేను కాకినాడలో చదువుకుంటున్న రోజుల్లో ఒకసారి వెంటనే రమ్మని కబురొచ్చింది. బస్సులు మారి, రేవు దాటి వచ్చేసరికి పొద్దు వాలిపోయింది. నాన్నగారు ఒక్కరే వీధరుగు మీద కూర్చుని ఉన్నారు. లాంతరు ఎవరూ వెలిగించలేదు. మామ్మ ఆనుకునే స్తంభం వంక చూసి, “మామ్మేది నాన్నగారూ?” అని అడిగాను. దేవతలకి ఇంగ్లీషు రాదని ఎగతాళి చేసిన మనిషి ఆయన. కండువాతో మొహం తుడుచుకున్నారు. నా వంక చూడకుండా, “తోటలో ఉందమ్మా” అన్నారు. అబద్ధం కాదు. తోట చివర, కాలవ పక్కన, మా తాతగారి సమాధి పక్కనే ఉంది. అరుగు మెట్టు మీద కూర్చుని ఏడ్చాను. ఇవాళ తలుచుకున్నా నాకు కళ్ళు చెమరుస్తాయి.

ఆ తరవాత నేనూ ఇంగ్లీషు పంతులమ్మనై, బల్లల మీదా గొడుగుల మీదా కాదు వాక్యాలు చెప్పిస్తూ రిటైరయ్యాను. మొన్న మా మనవరాలు చెవుల్లోవి తీసేసి, ఎన్నడూ లేనిది నా దగ్గరకొచ్చింది. “నానమ్మా, మై గ్రాండ్‌మదర్ ఈజ్ ఇన్ ది హౌస్. దీనికి నెగెటివ్ చెప్పు.” చెప్పాను.

“షి ఈజ్ ఇన్ ది గార్డెనా? అదెందుకు? అయినా మనముండేది మూడో అంతస్తు కదా, మనకి తోటెక్కడుంది?”

“ఉందిలేవే, కాస్త దూరం” అన్నాను. అది నవ్వింది, నేనూ నవ్వాను. తరవాత దాన్ని కూర్చోబెట్టి, ఆ వాక్యం పైకి చదవమన్నాను, మొదటి అవును వాక్యం మాత్రం.