మూడు గళ్లు ముందుకి

కథల ఆట అంటే మొదట్లో మా ఎనిమిదో తరగతి పిల్లలకి అర్థం కాలేదు. వైకుంఠపాళిలాగే గళ్లూ పాచికా ఉంటాయి, పాములకీ నిచ్చెనలకీ బదులు కార్డులుంటాయి అని చెప్పాను. ఆగినచోట కార్డు తియ్యాలి. దానిమీద మన ఊళ్లో జరిగే సంగతి ఒకటి రాసి, నువ్వైతే ఏం చేస్తావని అడగాలి. ఎలా చేస్తే ఎన్ని గళ్లు ముందుకో, ఎన్ని గళ్లు వెనక్కో కార్డు రాసినవాళ్లే తేల్చాలి. "ఊహించి రాయకండర్రా, మీకు జరిగిందే రాయండి. నిజం చెప్పడానికి సిగ్గెందుకు?" అని బల్ల గుద్ది మరీ చెప్పాను. ఎదుటివాళ్లకి చెప్పేటందుకే కదా నీతులు!

గరివిడి దగ్గర బడి మాది. నేను తెలుగు టీచర్ని. పిల్లలు తప్పిపోయిన బస్సు గురించి, మేక తినేసిన పుస్తకం గురించి రాశారు. వెనక బెంచీ పిల్ల ఒకతె తన కార్డు లేచి చదివింది.

"బడి గేటు దగ్గరికి మీ అమ్మ చేపల గంపతో వచ్చింది. ఎవరే ఆవిడ అని స్నేహితులు అడిగారు. మా అమ్మే అంటే రెండు గళ్లు వెనక్కి. తెలీదంటే మూడు గళ్లు ముందుకి."

"తిరగేసి రాశావేమే? నిజం చెప్పినవాళ్లు కదా ముందుకెళ్లాలి?" అన్నాను.

"అలగవ్వదు కదా మేడం," అంది. "నాను తెలీదనీసినాను. ఆ రోజు నన్నెవులూ ఎక్కిరించలేదు. ఆటకి కూడా పిలిసినారు."

క్లాసు ఘొల్లున నవ్వింది. ఒకడు ముక్కు మూసుకున్నాడు. ఆ పిల్ల తల దించుకుని అలాగే నిలబడింది.

నేను ఒక్క మాట అంటే చాలు. మా అమ్మ కళింగపట్నంలో ఎండుచేపలు అమ్ముతుంది. నన్ను బీయెడ్ దాకా చదివించింది ఆ గంపే. స్టాఫ్ రూములో మాత్రం "మావాళ్లది వ్యాపారం" అంటాను. అబద్ధం కాదుగా అని నాకు నేనే సర్దిచెప్పుకుంటాను. ఆ పూట పిల్ల పక్షాన ఆ మాట అనలేదు సరికదా, "చేపలెందుకే, మామిడిపళ్ల గంప అని మార్చు, బాగుంటుంది," అన్నాను. ఛీ, నా బతుకు! ఆ పిల్ల గంప మార్చింది. గళ్ల లెక్క మాత్రం మార్చలేదు.

మొన్న బడిలో ప్రదర్శన పెట్టాం. విజయనగరం నుంచి అధికారి ఒకాయన వచ్చి, మా ఆట చూసి ముచ్చటపడి నాతోనే ఆడతానని కూర్చున్నారు. కార్డులు అందించేది ఆ పిల్లే. ఆట సగంలో ఉండగా తలుపు దగ్గర మా అమ్మ కనిపించింది. ఫోనులో నేనే గొప్పలు పోయాను, చూద్దామని బస్సెక్కి వచ్చేసింది. చంకలో సంచీ. మనిషికంటే ముందే వాసన లోపలికొచ్చింది. ఆయన జేబురుమాలు తీశారు.

"ఎవరండీ ఈవిడ?"

"మా ఊరావిడండీ. ఎండుచేపలు అమ్ముతుంది," అన్నాను.

అమ్మ నా మొహంలోకి చూసింది. "అవును బాబూ, ఈల ఊరిదాన్నే. ఇటేపొచ్చి ఇలగ తొంగిసూసినాను," అంది. నన్ను ఒసే అని తప్ప పిలవని మనిషి, "ఎల్లొస్తాను టీచరమ్మా," అని సంచీ గోడవార పెట్టి వెళ్లిపోయింది. మంచినీళ్లు తాగుతావా అని కూడా నేను అడగలేదు.

సంచీ దారికి అడ్డంగా ఉందని ఆ పిల్ల తీసి పక్కన పెట్టబోయింది. మూతి విడిపోయి లోపల నెత్తళ్లు కనిపించాయి. అన్నీ ఒక్కొక్కటిగా తలలు తుంచి ఎండబెట్టినవి. అమ్మకానికి ఎవరూ తలలు తుంచరు. అంత చిన్న చేపకి అంత ఓపిక ఇంట్లోవాళ్ల కోసమే పడతారు. చేపలమ్మే ఇంటి పిల్లకి నేను చెప్పాలా? సంచీలోకి చూసింది, నాకేసి చూసింది. నాకు తల కొట్టేసినట్టయింది.

వచ్చి తన చోట కూర్చుంది. వంతు నాది కాదు. అయినా చెయ్యి చాపి నా పావుని తీసి మూడు గళ్లు ముందుకి పెట్టింది.

"అదేంటమ్మా, మీ మేడం పాచికే వెయ్యలేదుగా?" అన్నారాయన.

"మేడానికి మూడు గళ్లొస్తాయండి," అంది, కార్డులు సర్దుకుంటూ.

పావు తీసి వెనక్కి పెట్టొచ్చు. ఎందుకని ఆయన అడుగుతారు. పెట్టలేదు. ఆ ఆట నేనే గెలిచాను, ఆయన చప్పట్లు కొట్టారు.